కంట్రోలరుకి పెట్టిన బొట్టు

తొమ్మిదేళ్ళ కిందట విజయనగరంలో మేం పనిచేసే ఆసుపత్రిలో ఒక పూట స్కానులన్నీ మాయమైపోయిన సంగతి అక్కడ జీతం తీసుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు. "అప్పలనర్సమ్మ మిషనుకి బొట్టు పెట్టింది, మిషను ఆగిపోయింది" అని రెండు ముక్కల్లో చెప్పుకుంటారు. క్యాంటీన్లో చెప్పుకుంటారు. లిఫ్టులో చెప్పుకుంటారు. కొత్తగా చేరిన నర్సులకి డ్యూటీ కంటే ముందు ఈ కథ అప్పగిస్తారు. నేనూ ఆ కథ విని నవ్వినవాణ్ణే. కాకపోతే అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేవాణ్ణి. ఎవరూ గమనించలేదు.

ఆ బొట్టు పెట్టింది అప్పలనర్సమ్మ కాదు. నేను.

ఈ ఒక్క ముక్క చెప్పడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. చెప్పకపోవడం వల్ల ఒక మనిషి కొంగుముడిలోంచి తాళం చెవి పోయింది, ఆవిడ పేరు ముందు ఒక ఎగతాళి వచ్చి కూర్చుంది. మీరు నవ్వుకోవడానికి ఇందులో చాలా ఉంది, నవ్వుకోండి. నవ్వు ఎవరి మీదకి వెళ్ళాలో మాత్రం ఈసారి సరిగ్గా చూపిస్తాను.

అప్పటికి నాకు ముప్ఫై ఏడేళ్ళు. పేరు సూరిబాబు. ఆసుపత్రి కంప్యూటర్లకి ఇన్‌ఛార్జిని. ఇన్‌ఛార్జి అంటే ప్రింటర్లో ఇరుక్కున్న కాయితం లాగేవాడని అర్థం. అది కాక రెండో అంతస్తులో ఒక ఏసీ గది నా ఏలుబడిలో ఉండేది. ఆ గదిలో ఒక ఇనప బీరువా, బీరువాలో నడుమెత్తున బిగించిన పెట్టె. ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రేలు, స్కానులు అన్నీ దాచేది ఆ పెట్టే. ముందువైపు డిస్కులు, ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా వరసగా. వెనకవైపు రెండు కంట్రోలర్లు, ఒకదాని మీద ఒకటి. ఏ బొమ్మ ఏ డిస్కులో దాచాలి, డాక్టరు అడిగితే ఎక్కణ్ణించి తీసివ్వాలి అన్నీ చూసుకునేవి ఆ రెండే. ఒకటి పడిపోతే రెండోది నోరు మెదపకుండా మొత్తం పని నెత్తికెత్తుకుంటుంది. అన్నదమ్ములందరూ ఇలా ఉంటే జిల్లా కోర్టుకి తాళం వేసుకోవచ్చు.

ఒక్కో కంట్రోలరుకి మూడు దీపాలు. ఒక్కోటి ఆవగింజంత. ఆకుపచ్చ వెలిగితే "బాగున్నాను" అని. నారింజకీ పసుపుకీ మధ్య రంగు వెలిగితే "బాగోలేను" అని. నీలం వెలిగితే "నన్నిప్పుడు బయటికి లాగినా నష్టం లేదు" అని. ఇంతే విద్య. పెట్టెతో పాటు వచ్చిన పుస్తకంలో బొమ్మలతో సహా ఉంది. ఆ పుస్తకానికున్న ప్లాస్టిక్ కవరు నేను విప్పలేదు. పట్టుచీర మడత నలిగిపోతుందేమో అన్నంత భద్రంగా సొరుగులో దాచాను.

పుస్తకం ఎందుకు, నాకు సొంత సిద్ధాంతం ఉండగా. దాని పేరు ట్రాఫిక్ సిగ్నల్ సిద్ధాంతం. ఆకుపచ్చ అంటే పరిగెడుతోంది. పసుపు అంటే కాస్త నెమ్మదిగా నడుస్తోంది. ఎరుపు వస్తే చూసుకుందాం. మరి నీలం ఏమిటని ఎవరైనా అడిగితే "నీలం ప్రశాంతతకి గుర్తు. ఆకాశం నీలం, సముద్రం నీలం" అనేవాణ్ణి. సముద్రం ఎంత ప్రశాంతంగా ఉంటుందో భోగాపురం వైపు వేటకెళ్ళేవాళ్ళని అడిగితే చెప్పి ఉండేవాళ్ళు. నేను అడగలేదు. తెలియని వాటి గురించి ఎవర్నీ అడగకపోవడం అప్పట్లో నా అర్హతల్లో ఒకటి.

ఆ గది ఊడ్చి తుడిచే పని అప్పలనర్సమ్మది. అప్పటికే యాభై దాటింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. గది తాళం చెవులు రెండు. ఒకటి మేనేజరు సన్యాసిరావు గారి సొరుగులో, రెండోది అప్పలనర్సమ్మ కొంగుముడిలో. నాకివ్వలేదు. ఇస్తే పోగొట్టాను, మళ్ళీ ఇస్తే మళ్ళీ పోగొట్టాను. అంచేత ఇన్‌ఛార్జి గారు రోజూ ఉదయం తలుపు ముందు నిలబడేవాడు, ఊడ్చే మనిషి వచ్చి తలుపు తీసేది.

"పెద్ద డాక్టరు గోరి కాడ నేని తాళం నా కాడున్నాది" అని ఆవిడ మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పేది. కొంగు ఒకసారి సర్ది, ముడి కనబడేలా భుజం మీద వేసుకునేది. ఆసుపత్రిలో ఎవరూ మెళ్ళో స్టెతస్కోపుని అంత గర్వంగా వేసుకోగా నేను చూడలేదు.

ఆ ఏడు దసరాకి, సిరిమాను జాతరకి ముందు, ఆసుపత్రిలో ఆయుధపూజ ఘనంగా చేశారు. అంబులెన్సుకి గుమ్మడికాయ కొట్టారు. జెనరేటరుకి బంతిపూల దండ వేశారు. క్యాంటీన్లో పిండి రుబ్బే గ్రైండరుకి కూడా బొట్టు పెట్టారు. నా గది వైపు ఎవరూ రాలేదు. నాకు రోషం వచ్చింది. వేల మంది ఎముకలు కడుపులో దాచుకున్న పెట్టె, ఇడ్లీపిండి పాటి చెయ్యలేదా?

"అప్పలనర్సమ్మా, పసుపూ కుంకుమా ఉన్నాయా?" అన్నాను.

ఆవిడ దగ్గర ఎప్పుడూ ఒక చిన్న స్టీలు డబ్బా ఉండేది. శుక్రవారం శుక్రవారం గది గుమ్మానికి బొట్టు పెట్టేది. గుమ్మం దాటి లోపల ఏనాడూ పెట్టలేదు.

"ఉన్నాది బాబూ. ఎందుకేటి?"

"పెట్టెకి పూజ చేద్దాం."

"దానికొద్దు బాబూ. దానికి లైట్లున్నాయి."

"లైట్లుంటే? బొట్టుకి లైట్లు అడ్డమా?"

"బొట్టుకి లైట్లు అడ్డం కాదు. లైట్లకి బొట్టు అడ్డం కాదేటి?"

చదువుకున్న వాళ్ళం, ఇలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పం. డబ్బా తీసుకున్నాను. పెట్టె ముందువైపు జాలీ తలుపుకి తాళం వేసి ఉంది, దాని చెవి కూడా నేనెప్పుడో పోగొట్టాను. అంచేత వెనక్కి వెళ్ళాను. దేవుడికి వీపు వైపునుంచి పూజ చేసినవాణ్ణి ఉత్తరాంధ్ర మూడు జిల్లాల్లో నేనొక్కణ్ణే అయ్యుంటాను. జారిపోకుండా కొబ్బరినూనె కలిపి ముద్ద చేశాను. ఉంగరం వేలితో పై కంట్రోలరుకి పెట్టాను. నా వేలు లావు, దీపం ఆవగింజ. బొట్టు సరిగ్గా ఆకుపచ్చ దీపం మీద పడింది. పసుపు ఎక్కువైంది, కుంకుమ తక్కువైంది. ఆ లోటు కింది కంట్రోలరు దగ్గర తీర్చాను. మిగిలిన కుంకుమంతా దట్టంగా అద్దాను. అది ఆ వేళకి వెలగని దీపం మీద, అంటే "బాగోలేను" అని చెప్పాల్సిన దీపం మీద కూర్చుంది.

దీపం కింద చీకటి అని సామెత. దీపం మీదే చీకటి పెట్టి, అగరొత్తి వెలిగించి, దణ్ణం పెట్టుకుని వచ్చాను.

"బాగున్నాదా?" అంది అప్పలనర్సమ్మ గుమ్మంలోంచి.

"పెళ్ళికూతురిలా ఉంది" అన్నాను.

కార్తీకం వెళ్ళింది, సంక్రాంతి వెళ్ళింది, శివరాత్రి వెళ్ళింది. పెట్టె వెనక్కి మళ్ళీ ఎవరూ తొంగిచూడలేదు. బొట్లు ఎండి గట్టిపడ్డాయి.

శివరాత్రి వెళ్ళిన వారంలో ఒకరోజు ఉదయం అప్పలనర్సమ్మ చీపురు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఆ మిషను ముందర ఒక లైటున్నాది కదా. రోజూ ఆకు రంగుండీది. ఇయ్యాల తాటిపండు రంగైపోనాది."

పెట్టె ముందువైపు కూడా ఒక దీపం ఉంది. లోపల ఎవరికి బాగోకపోయినా అది రంగు మారుతుంది. అంటే ఇంట్లో ఎవరికో జ్వరం అని వీధరుగు మీంచి చెప్పడం లాంటిది. ఎవరికో తెలియాలంటే లోపలికి, అంటే వెనక్కి వెళ్ళి చూడాలి. పుస్తకం విప్పినవాడికి ఇది తెలుస్తుంది.

"పసుపు అంటే నెమ్మదిగా నడుస్తోందని" అన్నాను. "సిగ్నల్ దగ్గర చూళ్ళేదా?"

"సిగ్నల్ కాడ పసుపొస్తే మన ఆటోవోళ్ళు ఇంకా ఇసురుగా ఎల్తారు బాబూ."

"నువ్వు ఊడువు."

ఆవిడ ఊడ్చింది. మర్నాడు కూడా వచ్చి చెప్పింది. మర్నాడు కూడా నేను సిగ్నల్ సంగతే చెప్పాను. మూడోరోజు పదిగంటలకి ఎముకల డాక్టరు గారు ఫోను చేశారు.

"సూరిబాబూ, ఎక్స్‌రే అడిగితే అది వచ్చేలోపు పేషంటు టీ తాగొస్తున్నాడు."

అప్పుడు కంపెనీవాళ్ళకి ఫోను చేశాను. హైదరాబాదు నుంచి ఇంజినీరు స్పీకరులో పలికాడు. ఓపికైన గొంతు.

"సార్, మీ పెట్టెలో ఒక కంట్రోలర్ పడిపోయినట్టుంది. ఒకటే మొత్తం లాగుతోంది. అందుకే స్లో. వెనక్కి వెళ్ళి చూడండి. దేనికి యాంబర్ లైటు వెలుగుతోంది?"

"యాంబరు అంటే?"

"నారింజకీ పసుపుకీ మధ్య సార్."

"తాటిపండు రంగు" అంది గుమ్మంలోంచి అప్పలనర్సమ్మ. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

వెనక్కి వెళ్ళి వంగి చూశాను. పై కంట్రోలరు మీద, ఎండిన పసుపులోంచి, ముగ్గిన తాటిపండులాంటి రంగు నిండుగా వెలుగుతోంది. అది ఆకుపచ్చ దీపమనీ, నా పసుపుకుంకాలు దాని రంగు మార్చాయనీ నాకు తట్టలేదు. కింది కంట్రోలరు మీద ఒక నీలం దీపం తప్ప ఏదీ వెలగడం లేదు. నీలం, అంటే ప్రశాంతత. పాపం కిందిది కుదురుగా ఉంది, పైదానికే జబ్బు అని తేల్చేశాను.

"బాబూ" అంది అప్పలనర్సమ్మ నా భుజం పక్కనుంచి. ఎప్పుడొచ్చిందో లోపలికి వచ్చి వంగి చూస్తోంది. "ఆ కిందదాని బొట్టు అంచమ్మట సూడు. ఏదో ఎలుగుతున్నట్టున్నాది. తుడిసీసి సూడు."

"బొట్టు చెరపకూడదు. అశుభం."

"మిషనుకి మొగుడున్నాడేటి బాబూ? తుడిసీ."

తుడవలేదు. ఇప్పుడు తల్చుకుంటే ఆ క్షణంలో గదిలో పెట్టె గురించి తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆ మనిషి చేతిలో చీపురుంది. "నువ్వెళ్ళు, పెద్ద పని జరుగుతోంది" అని పంపించేశాను.

ఆవిడ అటు వెళ్ళగానే సన్యాసిరావు గారు ఇటు వచ్చారు. మేనేజరు. మంచివాడే, కానీ నెమ్మది మీద నమ్మకం లేని మనిషి. అన్నం కూడా నిలబడి తినేవారు.

ఇంజినీరు ఫోనులో అడుగుతున్నాడు. "యాంబర్ దేనికుంది సార్?"

"పైదానికి."

"సరే. తీసేముందు ఒకటి చూడండి. యాంబర్ వెలిగేదానికే పక్కన బ్లూ కూడా వెలగాలి. బ్లూ లేకపోతే అస్సలు ముట్టుకోవద్దు. రెండూ ఒకదానికే ఉన్నాయా?"

నేను మళ్ళీ చూశాను. యాంబరు పైన. నీలం కింద. రెండూ రెండు ఊళ్ళలో ఉన్నాయి.

"ఏటయ్యా, ఎంతసేపు?" అన్నారు సన్యాసిరావు గారు. "కింద డాక్టర్లు నా పీక మీద కూర్చున్నారు. నీకు తెలుసా తెలీదా అసలు?"

పాఠకులారా, ఇక్కడ ఒక మంచి జవాబుంది. "తెలీదు సార్, ఒక్క నిమిషం" అని. ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు.

"సార్, రెండూ ఒకదానికేనా?" అని మళ్ళీ ఇంజినీరు.

"ఉన్నాయి" అన్నాను. "రెండూ ఉన్నాయి."

"అయితే మెల్లగా బయటికి లాగండి. నిమిషం ఆగి మళ్ళీ తొయ్యండి. చాలాసార్లు లేచి కూర్చుంటుంది."

లాగాను. ఆసుపత్రి మొత్తాన్నీ ఒంటిచేత్తో మోస్తున్న కంట్రోలరుని, సన్యాసిరావు గారి సమక్షంలో, చేతులు వణక్కుండా, బొట్టుతో సహా బయటికి లాగాను.

పెట్టెలో ఫ్యాన్లు ఒక్కసారి హోరెత్తాయి. తుపానుకి ముందు తీరంలో కొబ్బరిచెట్ల చప్పుడులా ఉంది. తరవాత కింద అంతస్తులోంచి మనుషుల చప్పుడు మొదలైంది. జేబులో నా రెండో ఫోను మోగింది. ఎముకల డాక్టరు గారు.

"సూరిబాబూ, మోకాలు పోయింది."

"ఎవరిది సార్?"

"స్క్రీన్ మీది మోకాలయ్యా. పేషంటు మోకాలు పేషంటు దగ్గరే ఉంది, దాంతోనే వచ్చాడు."

"వచ్చేస్తుంది సార్, రెండు నిమిషాల్లో."

"రెండు నిమిషాలా? ఆయన అప్పుడే లేచిపోతానంటున్నాడు. వాళ్ళ ఊళ్ళో కట్లు కట్టేవాడు చేత్తో తడిమి చెప్పేస్తాట్ట, కరెంటుతో పనిలేదట."

తీసినదాన్ని మళ్ళీ తోశాను. అది లేచి కూర్చోవడానికి నలభై నిమిషాలు తీసుకుంది. ఆ నలభై నిమిషాలూ ఆసుపత్రి పాతకాలంలోకి వెళ్ళిపోయింది. ఎవరి సంచీలోనైనా పాత ఫిల్ములుంటే డాక్టర్లు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎండకి పెట్టి చూశారు. లేచాక అన్నీ వచ్చాయి, ఆ పొద్దున తీసినవి నాలుగు తప్ప. అవి డిస్కు దాకా చేరకుండానే నేను కంట్రోలరుని లాగేశాను. ఆ నలుగురినీ మళ్ళీ పిలిచి, మళ్ళీ పడుకోబెట్టి, మళ్ళీ తీశారు. అదృష్టం, ఎవరికీ ప్రమాదం కలగలేదు. ఒక పెద్దాయన మాత్రం "మొదటిసారి నవ్వలేదనేటి మళ్ళీ తీస్తన్నారు?" అని అడిగాడట.

ఫోనులో ఇంజినీరు అడిగాడు. "సార్, మీరు లాగింది బాగున్నదాన్ని. పెట్టె లేచాక పంపిన రికార్డు ఇప్పుడే వచ్చింది. దానికి యాంబర్ లేదు, బ్లూ లేదు. మీరేం చూశారు సార్?"

ఆ ప్రశ్న సన్యాసిరావు గారి చెవిన కూడా పడింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఫోను టార్చి వేసుకుని, పెట్టె వెనక్కి వెళ్ళారు. వంగి రెండు కంట్రోలర్లనీ చూశారు. తరవాత చేతిరుమాలుతో రెండు బొట్లూ తుడిచారు. పైన ఆకుపచ్చ. కింద, కుంకుమ మాటునుంచి, మూడు రోజులుగా "బాగోలేను, బాగోలేను" అంటున్న యాంబరు. దాని పక్కనే నీలం.

"ఏటిది?" అన్నారు చేతిరుమాలు చూపిస్తూ.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం అంటారు. మా గదిలో ఉన్న శ్రీవైష్ణవుణ్ణి నేనొక్కణ్ణే. రొయ్యల వాసన మాత్రం అప్పలనర్సమ్మ డబ్బాలోంచి వచ్చింది. ఆసుపత్రిలో గుమ్మాలకి బొట్లు పెట్టేది ఆవిడే కాబట్టి ఎవరూ ఇంకో పేరు ఆలోచించలేదు. పిలిపించారు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఈ కుంకుమ ఎవరిదే?"

ఆవిడ చేతిరుమాలు చూసింది. పెట్టె చూసింది. నన్ను చూసింది.

నేను ఏసీ వైపు చూశాను. దాని మీద పద్దెనిమిది అని అంకె వెలుగుతోంది. ఆ గదిలో అన్నేళ్ళు పనిచేశాను, ఒక దీపాన్ని అంత శ్రద్ధగా చదివింది అదొక్కసారే.

"నిన్నే అడుగుతున్నాను. కుంకుమ ఎవరిది?"

"కుంకుమ నాదే బాబూ" అంది.

అబద్ధం కాదు. కుంకుమ ఆవిడదే. వేలు ఎవరిదని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు, వేలు గల మనిషి ఏసీ అంకె చదువుతున్నాడు.

"తాళం ఇలాగియ్యి."

కొంగుముడి విప్పడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. ఏళ్ళ తరబడి బిగుసుకున్న ముడి. చివరికి పళ్ళతో విప్పింది. సన్యాసిరావు గారు ఆ తాళం చెవి తీసుకుని నా చేతిలో పెట్టారు. "ఇకమీదట ఇది నీ దగ్గరే ఉండాలి. చదువుకున్నోడి దగ్గర" అన్నారు. నేను పుచ్చుకున్నాను. అదొక్కటీ ఇంతవరకూ పోగొట్టుకోలేదు. ఎన్నోసార్లు పోతే బాగుండుననుకున్నాను, పోలేదు.

సాయంత్రం ఆయన చెప్పింది చెప్పినట్టు ఒక కాయితం మీద రాసి తలుపుకి అంటించాను. "లోపల పూజలు చేయరాదు. అప్పలనర్సమ్మకు ప్రవేశం లేదు." చేతిరాత నాదే. గుండ్రంగా, ముచ్చటగా ఉందని ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా.

ఆవిణ్ణి పెరట్లో దుప్పట్లు ఉతికే షెడ్డుకి మార్చారు. రేకుల కప్పు, వేడినీళ్ళ ఆవిరి. పేరు కూడా మారింది. ఆసుపత్రిలో ఇంకో ఇద్దరు నర్సమ్మలున్నారు కాబట్టి ఈవిడ బొట్టు నర్సమ్మ అయింది. ఎదురుపడితే "ఈ లిఫ్టుకి కూడా బొట్టెట్టీయే" అని నవ్వేవాళ్ళు. ఆవిడ నవ్వేది కాదు, తిట్టేది కాదు. తలమీద దుప్పట్ల మూట సర్దుకుని మెట్లెక్కి వెళ్ళిపోయేది.

నేను మాత్రం బాగుపడ్డాను. పుస్తకం కవరు విప్పాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. దీపాల అర్థాలన్నీ తెలుగులో పట్టీ రాసి గోడకి పెట్టాను. "సూరిబాబుకి పెట్టె మాట్లాడినట్టు వినిపిస్తుంది" అని పేరొచ్చింది. ఎవరి పేరు చెడితే ఎవరికి పేరొస్తుందో లోకం లెక్క లోకానిది.

ఈ ఏడు అప్పలనర్సమ్మ పని మానే రోజు వచ్చింది. క్యాంటీన్లో చిన్న సభ, శాలువా, పళ్ళు. సన్యాసిరావు గారు ముందురోజు నన్ను పిలిచారు.

"నువ్వు సరదాగా మాట్లాడతావు కదయ్యా. రేపు ఆ బొట్టు కథ చెప్పు. అందరూ నవ్వుకుంటారు. ఆవిడా సంతోషంగా వెళ్తుంది."

"ఆవిడ సంతోషిస్తుందా సార్?"

"ఎందుకు సంతోషించదు? ఆసుపత్రిలో నా పేరు తెలీనోళ్ళున్నారు గానీ, ఆవిడ పేరు తెలీనోళ్ళున్నారా?"

నేను సరాసరి షెడ్డుకి వెళ్ళాను. అప్పలనర్సమ్మ దుప్పటి పిండుతోంది. రెండో కొస నేను పట్టుకున్నాను. ఇద్దరం చెరోవైపు మెలితిప్పాం. చెప్పాల్సిందంతా చెప్పాను. బొట్టు సంగతి, రెండు దీపాల సంగతి, ఫోనులో చెప్పిన అబద్ధం సంగతి. దుప్పట్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఆవిడ పిండుతూనే ఉంది.

"ఇదంతా నాకెందుకు సెప్తన్నావు బాబూ?"

"నీకు చెప్పాలి కదా."

"నాకు తెలవదేటి? నా కల్లెదుటే కదా ఎట్టినావు. తెలవనోల్లు ఎదరున్నారు. ఆల్లకి సెప్పు."

"అప్పుడే నువ్వెందుకు చెప్పలేదు?"

"నాను సెప్తే నమ్ముతారేటి? సీపురు మాట ఎవులింటారు?" దుప్పటి దులిపింది. నా మొహం తడిసింది. "నువ్వు సెప్తావని సూసినాను బాబూ. అలగే సూసినాను. నువ్వు ఏసీ కేసి సూసినావు."

దుప్పటి ఆరేస్తూ అడిగింది. "ఇంతకీ దానిమీద ఏటున్నాదప్పుడు?"

"పద్దెనిమిది."

"అదైనా సరిగ్గా సదివినావు."

మర్నాడు క్యాంటీన్ నిండిపోయింది. ఎముకల డాక్టరు గారు కూడా వచ్చారు. సన్యాసిరావు గారు మైకు నా చేతికిచ్చి, ముందే నవ్వడం మొదలుపెట్టారు. కథ చెప్పాను. ఆయుధపూజ దగ్గర నవ్వారు. గ్రైండరు దగ్గర నవ్వారు. "అప్పుడు డబ్బా తీసుకుని పెట్టె వెనక్కి వెళ్ళినవాణ్ణి నేను" అన్నాను. అలవాటు కొద్దీ దానికీ నవ్వారు. "బొట్టు పెట్టిన వేలు ఇది" అని ఉంగరం వేలు పైకెత్తి చూపించాను. కొంతమంది నవ్వు సగంలో ఆగిపోయింది. ఫోనులో నేను చెప్పిన అబద్ధం దాకా వచ్చేసరికి ఎవరో చెంచా కిందపెట్టిన చప్పుడు వినబడింది.

సన్యాసిరావు గారు వంగి నెమ్మదిగా అన్నారు. "ఏటయ్యా ఇది, నిజమా?"

"నిజమే సార్. మీరు ఆ వేళ తాళం తప్పు మనిషి దగ్గర తీసుకుని తప్పు మనిషికిచ్చారు."

తరవాత కుడిచెయ్యి ఎత్తి, కోర్టులో సాక్షిలా, అందరి ముందూ ప్రమాణం చేశాను. వెలిగే దీపం మీద బొట్టు పెట్టను. చూడని దీపాన్ని చూశానని ఫోనులో చెప్పను. చీపురు పట్టుకున్న మనిషి చెప్పిన రంగుని, పుస్తకం విప్పని మనిషి చెప్పిన రంగుతో కొట్టిపారెయ్యను. ఎవరైనా నా మొహంలోకి చూస్తే, ఆ గదిలో ఏసీ ఉన్నా సరే, ఏసీ వైపు చూడను. వీటిలో మొదటి మూడూ సులువైనవే.

ప్రమాణమైతే చేశాను గానీ, మైకులో ఒక మాట పెగల్లేదు. ఆ మాట చెప్పాల్సిన చోటు క్యాంటీన్ కాదు. అప్పలనర్సమ్మని రెండో అంతస్తుకి రమ్మన్నాను. శాలువా కప్పుకుని, అరటిపళ్ళ సంచీ పట్టుకుని, మెట్లెక్కి వచ్చింది. వెనక సన్యాసిరావు గారు, ఇంకో పదిమంది. తలుపు మీద నా గుండ్రటి చేతిరాత అలాగే ఉంది. గోటితో గీకాను. తొమ్మిదేళ్ళ జిగురు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. "ప్రవేశం లేదు" ముందు ఊడింది, "అప్పలనర్సమ్మకు" చివరిదాకా పట్టుకుంది.

జేబులోంచి తాళం చెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ తలుపు తీసింది. నేరుగా పెట్టె వెనక్కి వెళ్ళింది. అదే పెట్టె. పైన ఆకుపచ్చ, కింద ఆకుపచ్చ. వంగి రెండూ చూసి తలాడించింది.

"అప్పలనర్సమ్మా" అన్నాను. ఈసారి ఆవిడ మొహంలోకే చూస్తూ. "బొట్టు నాది. అబద్ధం నాది. నీ తాళం పోయింది నా వల్ల, నీ పేరు పోయింది నా వల్ల. తప్పయిపోయింది. క్షమించు."

ఆవిడ అరటిపళ్ళ సంచీ కింద పెట్టింది. తరవాత సంచీలో వెతికి, అదే స్టీలు డబ్బా తీసింది. మూత తీసి ఉంగరం వేలితో కుంకుమ అద్దుకుంది. పెట్టె వైపు వెళ్తుందేమోనని సన్యాసిరావు గారు ఒక అడుగు ముందుకి వేశారు. ఆవిడ నా వైపు తిరిగి, పొట్టి మనిషి కదా, మునివేళ్ళ మీద లేచి నా నుదుటి మీద నిండుగా బొట్టు పెట్టింది. కొంచెం వెనక్కి జరిగి వంకర లేదు కదా అని చూసుకుంది.

"బొట్టు ఎట్టాల్సింది ఇక్కడ బాబూ" అంది. "ఇక్కడైతే ఏటీ బయం నేదు. ఇక్కడ ఎలిగేదేటీ నేదు."